రెండు కిలోల చేయి

మా వంటింట్లో ఒక ఇత్తడి గిన్నె ఉంది. దాని పక్క భాగాన ఎర్ర రంగుతో ఒక సున్నా, సున్నా మధ్యలో చుక్క. కొత్తగా వచ్చినవాళ్లు దాన్ని చూసి ఏదో పూజ గిన్నె అనుకుంటారు. ముట్టుకోవచ్చా అని కూడా అడిగారు ఒకరిద్దరు. చింతపండు అయింది, బూడిద అయింది, సబ్బు పొడి అయింది, ఆ రంగు పోలేదు. నిజం చెప్పాలంటే నేను అంత గట్టిగా ఏమీ తోమలేదు.

అది మా నాన్న వేసిన గుర్తు. మిరపకాయల బస్తాలను మా వైపు టిక్కీలంటారు. గుంటూరు మిర్చి యార్డులో వేల టిక్కీల మధ్య ఎవరివి ఎవరివో తెలియడానికి రైతులు తలా ఒక గుర్తు వేసుకుంటారు. మాది సున్నాలో చుక్క. టిక్కీల మీద ఉండాల్సిన గుర్తు మా అమ్మ గిన్నెల మీదకి ఎలా ఎక్కిందో చెప్పాలంటే ముందు అమ్మ చేతుల గురించి చెప్పాలి.

పసిపిల్లలకు నీళ్లు పోయడంలో మా ఊళ్లో అమ్మను మించినవాళ్లు లేరు. ఇది కూతుర్ని కాబట్టి చెబుతున్న మాట కాదు. ఎవరింట్లో పురుడొచ్చినా పొద్దున్నే కబురొచ్చేది. పీట మీద కూర్చుని కాళ్లు చాపుకుని, పిల్లను కాళ్ల మీద బోర్లా వేసుకుని ఆముదం రాసేది. సున్నిపిండితో నలిచేది. వేడినీళ్లు వీపు మీద పోస్తూ వీపంతా అరచేత్తో సాగదీసేది. తర్వాత వెల్లకిలా తిప్పి ముక్కు దూలం నిమిరి, తల గుండ్రంగా రావాలని చుట్టూ ఒత్తేది. ఇప్పటి పిల్లల డాక్టర్లు వింటే చీవాట్లు పెడతారు. ఆఖరి చెంబు పోసి, అరచేతిలో కాసిని నీళ్లు తీసుకుని పిల్ల చుట్టూ తిప్పి పారబోసి, నూరేళ్లూ చల్లగా ఉండమని దీవించేది. అంతసేపూ గుక్కపట్టి ఏడ్చిన పిల్ల, సాంబ్రాణి పొగ తగిలేసరికి నిద్రపోయేది. చర్చి వీధిలో టీచరమ్మ గారికి కవలలు పుడితే నెల రోజులు రోజూ వెళ్లి ఇద్దరికీ పోసి వచ్చింది. వాళ్లిద్దరూ పెద్దవాళ్లయ్యాక కూడా అమ్మ కనపడితే సైకిల్ దిగి నడిచేవాళ్లు.

అలాగని అమ్మవి ఆరోగ్యమైన చేతులు కావు. నలభై దాటినప్పటి నుంచీ కీళ్లవాతం. చలికాలం పొద్దునపూట వేళ్లు ముడుచుకోక, కాఫీ గ్లాసును రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని తాగేది. పసిపిల్ల ఒంటి మీద పడగానే ఆ వేళ్లే ఎక్కడలేని మెత్తదనం తెచ్చుకునేవి.

నేను అమ్మకు ముప్ఫై ఎనిమిదో ఏట పుట్టాను. నాకు ముందు ఇద్దరు అన్నయ్యలు. వాళ్లు తాడేపల్లి వైపు స్థిరపడ్డారు, వాళ్ల పిల్లలకు ఆ పిల్లల అమ్మమ్మలు నీళ్లు పోశారు. తొలి కాన్పు పుట్టింట్లో కదా, ఆ హక్కు వాళ్లది. అమ్మ మాత్రం నా పెళ్లి కుదిరిన రోజు నుంచి ఒకటే పాట మొదలుపెట్టింది.

"ఊరందరి పిల్లలకీ పోశాను. నీ కడుపున పుట్టినదానికి పోసి, ఇక పీట ఎత్తి అటక మీద పెట్టేస్తా."

పెళ్లయి నేను దర్శి కాపురానికి వెళ్లాను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలు అవి. ఆ ఏడు ఫిబ్రవరి నెలాఖరున మా కల్లంలో మిరపకాయ పరిచి ఉండగా మధ్యాహ్నం పూట మబ్బు కమ్మింది. కాయ కల్లంలో ఉండగా మబ్బు పడితే మా ఊళ్లో అన్నం ముందు కూర్చున్నవాళ్లు కూడా ఎంగిలి చేత్తోనే లేచి పరిగెత్తుతారు. అమ్మా పరిగెత్తింది. పట్టా కప్పుతుంటే చినుకులు మొదలయ్యాయి. తడిసిన పట్టా మీద కాలు జారి కుడి మోచేయి నేలకు కొట్టుకునేలా పడింది. పడ్డాక కూడా పట్టా కొస వదల్లేదట.

"ముందు కాయ కప్పండి, నేనెక్కడికీ పోను," అని పడుకునే కేకలేసిందట.

ఆ ఏడు మా కాయ ఒక్కటి కూడా తడవలేదు.

మా వైపు ఎముక విరిగితే మొదట గుర్తొచ్చేది కట్టు కట్టే ఆయన. నాన్న అమ్మను నాలుగు ఊళ్ల అవతలికి ఆటోలో తీసుకెళ్లాడు. ఆయన నిమిరి చూసి, కోడిగుడ్డు సొనలో ఏవో పసర్లు కలిపి పట్టించి, వెదురు బద్దలు పెట్టి బిగించి కట్టాడు. మూడు కట్లు, కట్టుకీ కట్టుకీ వారం అన్నాడు. నాన్న నమ్మకానికి కారణం ఉంది. చిన్నప్పుడు ఆయన్ని ఎద్దు తన్నితే కాలు విరిగింది. ఈ కట్టాయన తండ్రే కట్టు కట్టాడు. ఆ కాలితోనే నాన్న అరవై ఏళ్లు పొలం గట్ల మీద నడిచాడు. అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

నాకు ఈ సంగతి వెంటనే చెప్పలేదు. మూడో కట్టు విప్పే రోజుకి వెళ్లాను. కట్టు విప్పగానే అమ్మ చేయి మోచేతి దగ్గర ఎటు పట్టుకుంటే అటు వాలిపోయింది. అమ్మ పళ్లు బిగబట్టుకుని నవ్వడానికి ప్రయత్నించింది. ఆ నవ్వు చూశాక నాకు ఒళ్లు తెలియలేదు. నాకు కోపం ముందు వస్తుంది, బుద్ధి తీరిగ్గా వస్తుంది.

"కాయ రంగు తిరిగితే ఆ పూటే గుంటూరు పరిగెత్తుతావు కదా నాన్నా! అమ్మ చేయి విరిగితే గుంటూరు గుర్తు రాలేదా నీకు?"

అప్పటికి వీధి గుమ్మంలో నలుగురు ఉన్నారు. నాన్న తుండుగుడ్డ భుజం మీద వేసుకుని ఆటో పిలవడానికి వెళ్లాడు. ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది. అనేశాను. ఆ తర్వాత ఆయన చేసినవన్నీ ఆ మాటకి సమాధానాలే అని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

గుంటూరులో ఎముకల డాక్టరు గారు ఎక్స్‌రే వెలుగులో పెట్టి చూపించారు. మోచేతి పై ఎముక చివర ముక్కలు ముక్కలుగా ఉంది. అసలే వాతం తిన్న ఎముక, పలకలు పెట్టి మరలు బిగిస్తే పట్టవు అన్నారు. కీలే మార్చాలి అన్నారు. మోకాలి చిప్పలు మార్చుకున్నవాళ్ల గురించి విన్నాం గానీ మోచేయి మార్చడం మా ఊళ్లో ఎవరూ వినలేదు. నాన్న రెండుసార్లు అడిగాడు, మోకాలా మోచెయ్యా అని.

డాక్టరు గారు ఓపిగ్గా లేచి వెళ్లి గది తలుపును తెరిచి మూసి చూపించారు.

"ఇదిగో, ఈ బందులాంటిది పెడతామండి. ఇనుమూ, ప్లాస్టిక్కూ. దీని ఒక కాడ పై ఎముకలో, ఒక కాడ కింది ఎముకలో. చేయి ముడుచుకుంటుంది, చాపుకుంటుంది. నొప్పి పోతుంది. కానీ తలుపు పట్టుకుని వేలాడితే బందు ఏమవుతుంది?"

"ఊడొస్తదండి," అన్నాడు నాన్న.

"అంతే. ఈ చేత్తో రెండు కిలోలు మించి ఎత్తకూడదు. ఆర్నెల్లో ఏడాదో కాదు, ఎప్పటికీ. ఎత్తితే కీలు ఎముకలోంచి వదులవుతుంది. మళ్లీ వేయడం మొదటిసారంత తేలిక కాదు."

"రెండు కిలోలంటే ఎంతండీ?" అని అడిగాడు నాన్న.

డాక్టరు గారు నవ్వారు. జీవితమంతా క్వింటాళ్లలో బతికిన మనిషి ఆ ప్రశ్న అడిగితే నవ్వు రాదా మరి. నాకు నవ్వు రాలేదు. రెండు కిలోలు కింద రాలిన కాయలో తొక్కుకుపోయే బరువు ఆయనకి. దాన్ని ఒక మనిషి చేతికి హద్దుగా ఎప్పుడూ ఊహించుకోలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. అమ్మ ఇంటికొచ్చిన మర్నాడు నాన్న పత్తి తూచే స్ప్రింగు కాటా తెచ్చాడు. పత్తి తీతప్పుడు కూలీల మూటలు కొక్కేనికి తగిలించి తూస్తారే, అది. దాన్ని వసారా దూలానికి వేలాడదీశాడు. తర్వాత వంటింట్లోకి వెళ్లి ఒక్కొక్క గిన్నే తెచ్చి సంచిలో పెట్టి తగిలించడం మొదలుపెట్టాడు. ఖాళీగా ఒకసారి, నీళ్లు పోసి ఒకసారి. ముల్లు రెండు దాటితే పక్కన పెట్టాడు. దాటినవాటన్నిటికీ టిక్కీల ఎర్ర రంగు డబ్బా తెచ్చి, పుల్లకి గుడ్డ చుట్టి, సున్నాలో చుక్క వేశాడు.

అమ్మ మంచం మీద చేయి దిండు మీద పెట్టుకుని ఇదంతా చూస్తోంది.

"ఏందయ్యా ఇది? గిన్నెలు కూడా యార్డుకి తోలతావా?"

"గుర్తున్నయ్యి ముట్టుకోమాక. అంతే," అన్నాడు నాన్న.

బిందెలు, కుక్కరు, అన్నం వార్చే గిన్నె, ఆవకాయ జాడీ, రుబ్బురోలు పొత్రం అన్నీ అయ్యాయి. గ్యాసు బండ మీద వేశాడు. కుట్టు మిషను మీద వేశాడు. టీవీ మీద వెయ్యబోతుంటే నేను పట్టుకుని ఆపాను. అమ్మ ఎడం చేత్తో పొట్ట పట్టుకుని నవ్వింది. ఆపరేషన్ తర్వాత అదే మొదటిసారి ఆవిడ నవ్వడం. చిన్న రాగిచెంబు ఒకటి, నిండా నీళ్లు పోసినా కిలో లోపే తూగింది. దానికి గుర్తు పడలేదు. నాన్న దాన్ని తుడిచి అమ్మ మంచం పక్కనే పెట్టాడు.

మేలో నాకు నెల తప్పింది. ఫోన్లో చెబితే అమ్మ అవతల నెలలు లెక్కపెట్టుకోవడం వినిపించింది.

"ఎన్నో నెలకి వస్తదే బిడ్డ? జనవరా?" అంది. "అప్పటికి నా చెయ్యి లేస్తదా?"

అప్పటి నుంచి అమ్మ పట్టుదల చూడాలి. ఆసుపత్రిలో వ్యాయామాలు నేర్పిన అమ్మాయి రోజుకు మూడుసార్లు చెయ్యమంటే ఆరుసార్లు చేసేది. ఎక్కువ చేస్తే వాస్తుందని నాన్న తిడితే, ఆయన పొలం వెళ్లేదాకా ఆగి చేసేది. ఎండాకాలం వెళ్లేసరికి వేళ్లు నోటిదాకా వచ్చాయి. వినాయక చవితికి సొంతంగా అన్నం తింది. దసరాకి ముడి వేసుకుంది. చేయి పూర్తిగా చాచడం రాలేదు, కొంచెం వంపు అలాగే మిగిలిపోయింది. నొప్పి మాత్రం లేదు. నేను వెళ్లినప్పుడు చూస్తే పీట మీద కూర్చుని, చాపిన కాళ్ల మీద ఒక దిండు పడుకోబెట్టుకుని, రాగిచెంబుతో ఉత్తుత్తి నీళ్లు పోస్తోంది. దిండు వీపు కూడా నిమురుతోంది. నన్ను చూసి సిగ్గుపడింది.

దీపావళి ముందు చూపించుకోవడానికి గుంటూరు వెళ్తే నేనూ వెంట ఉన్నాను. డాక్టరు గారు ఒక కాగితం పెట్టుకుని అడుగుతూ రాసుకున్నారు.

"చేయి నోటిదాకా వస్తోందా అమ్మా?"

"వస్తందండి."

"జుట్టు ముడి వేసుకోగలుగుతున్నారా?"

"వేసుకుంటన్నానండి."

"రాత్రిళ్లు నొప్పి?"

"లేదండి. అవన్నీ బాగున్నయ్యి గానీ డాక్టరుగారూ, పిల్లకి నీళ్లు పొయ్యొచ్చా?"

ఆ ప్రశ్న ఆయన కాగితంలో లేదు. అమ్మ తన చాపిన కాళ్లనీ, పీటనీ, చెంబునీ గాల్లో చేసి చూపించింది. ఆయన శ్రద్ధగా చూశారు. "ఎవరైనా ఎత్తి మీ కాళ్ల మీద పడుకోబెట్టి, మళ్లీ ఎవరైనా తీసుకుంటే పోయొచ్చు. పిల్లను మాత్రం మీరు ఎత్తకూడదు. ఏ పిల్లయినా రెండు కిలోలు దాటే పుడుతుంది కదమ్మా," అన్నారు. అమ్మ తల ఊపింది. తిరుగు బస్సులో చిలకలూరిపేట దాకా కుడి అరచేతిని తిప్పి తిప్పి చూసుకుంటూ కూర్చుంది.

జనవరి చివర్లో ఆపరేషన్ చేసి నా కూతుర్ని బయటికి తీశారు. పదకొండో రోజు పురుడు అయ్యాక నాన్న ఆ కాటా కొక్కేనికి అమ్మ పాత మెత్తటి చీర ఉయ్యాలలా కట్టాడు. అందులో పిల్లను పడుకోబెట్టాం. ముల్లు మూడు కిలోలకు ఒక గీత తక్కువ దగ్గర ఆగింది. పిల్ల ఆ పత్తి కాటాకి వేలాడుతూ హాయిగా ఆవులించింది.

"వెయ్యి మరి," అంది అమ్మ. "సున్నాలో చుక్క. దీనికీ వెయ్యి."

తమాషాకే అంది. కానీ అంటూనే కుడి చేతిని కొంగు కింద దాచుకుంది. నాన్న చీర ముడి విప్పుతూ తల ఎత్తకుండా అన్నాడు.

"నేనెత్తి పెడతా. నువ్వు పొయ్యి."

మా ఇళ్లల్లో మెడ నిలవని పిల్లను మగవాళ్లు ఎత్తుకోరు. నాన్న నన్ను కూడా ఆర్నెల్లు వచ్చాకే ఎత్తుకున్నాడట. నాకేమో కుట్లు, వంగకూడదు. నడుం నొప్పితో ఉండే పక్కింటి ముసలి మామ్మ తప్ప చుట్టుపక్కల ఆడవాళ్లందరూ మిరప కోతలకి పొద్దున్నే వెళ్లిపోయేవాళ్లు. కాబట్టి అమ్మ ఆయనకి దిండుతో పాఠం చెప్పింది. "తల కింద ఒక చెయ్యి. నడుం కింద ఒక చెయ్యి. అట్టా కాదయ్యా, టిక్కీ కాదది!" అంటూ ఉంటే, ఆయన చెమటలు కక్కుతూ దిండును ఎత్తి దించి ఎత్తి దించి నేర్చుకున్నాడు.

మొదటి వారం బాగా జరిగింది. అప్పటికి కాయ కల్లంలో ఆరుతోంది, నాన్న చేతులు పెట్టాల్సిన పని లేదు. ఎనిమిదింటికి స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని వచ్చి పిల్లను ఎత్తి అమ్మ కాళ్ల మీద పెట్టేవాడు. మధ్యలో వెల్లకిలా తిప్పి ఇచ్చేవాడు. చివర్లో తువ్వాలులో అందుకునేవాడు. అంతసేపూ అమ్మ పక్కనే గొంతుక్కూర్చునేవాడు. అమ్మ చెంబు ఎత్తి పోస్తుంటే నేను మంచం మీద నుంచి ఆ మోచేతినే చూస్తూ ఉండేదాన్ని. లేచేది, ముడుచుకునేది, వాలేది. అమ్మ ముఖం ఎంత వెలిగిపోయేదో. ఇదే చాలు, ఇంకేమీ వద్దు అనిపించేది నాకు.

ఎనిమిదో రోజు తెల్లారకముందే టిక్కీలు తొక్కించడానికి నాన్న కల్లానికి వెళ్లాడు. కాయను చేతులతో తోసి, కూరి, కుట్టించి వచ్చాడు. వచ్చి మూడుసార్లు సబ్బుతో కడుక్కున్నాడు. చింతపండుతో రుద్దుకున్నాడు. అరచేతులు చూసుకున్నాడు, మంట లేదు. మిరప రైతు చేతికి మంట ఎందుకు తెలుస్తుంది? అది తెలియడం మానేసి ఎన్నో ఏళ్లయింది. గోళ్ల సందుల్లో, అరచేతి పగుళ్లలో ఘాటు అలాగే ఉండిపోయింది.

నాన్న పిల్లను తువ్వాలుతో సహా ఎత్తి అమ్మ కాళ్ల మీద పెట్టాడు, అమ్మ ఆముదం రాసింది. నాన్న పిల్లను వెల్లకిలా తిప్పడానికి నడుం దగ్గర పట్టుకుని ఎత్తాడు. ఆయన చేతుల్లో ఉండగానే పిల్ల కెవ్వుమంది. రోజూ ఏడ్చే ఏడుపు కాదది. ఊపిరి ఆగిపోయేంత గుక్క. జిడ్డు ఒంటి మీద నడుముకి రెండు పక్కలా నాన్న వేళ్లు ఎక్కడ పడ్డాయో అక్కడల్లా ఎర్రగా కందిపోయింది. నాన్న పిల్లను దించాలో పట్టుకోవాలో తెలియక బిగుసుకుపోయాడు.

"మిరప!" అని అరిచింది అమ్మ.

ఒక్క క్షణంలో లేచి నిలబడింది. నాన్న చేతుల్లోంచి పిల్లను లాక్కుని రొమ్ముకి హత్తుకుంది. వంటింట్లోకి వెళ్లి పాల గిన్నె మీది మీగడ చేత్తో తీసి నడుమంతా పట్టించింది. తుడిచింది, మళ్లీ పట్టించింది. పిల్లను ఊపుతూ, నా తల్లే, నా బంగారే అంటూ వసారా అంతా తిరిగింది. పావుగంటకి ఏడుపు వెక్కిళ్లలోకి దిగింది. ఎరుపు తగ్గడం మొదలైంది.

అప్పుడు ముగ్గురం ఒకేసారి చూశాం. పిల్ల మొత్తం బరువు అమ్మ కుడి ముంజేతి మీద ఉంది.

నేను మంచం దిగి పిల్లను అందుకున్నాను. కుట్లు లాగాయి, లెక్కచేయలేదు.

"నొప్పిగా ఉందా అమ్మా?"

"లేదు," అంది. అడిగీ అడగకముందే అంది. ఎడం చేత్తో కుడి మోచేతిని పట్టుకుని పీట మీద కూర్చుంది. నాన్న బావి దగ్గరికి వెళ్లి చేతులు కడుగుతూనే ఉన్నాడు. తొట్టి ఖాళీ అయిపోయింది, మళ్లీ తోడుకున్నాడు.

మర్నాడు వాళ్లిద్దరూ గుంటూరు వెళ్లారు. నేను పిల్లతో ఇంట్లో ఉన్నాను, పక్కింటి మామ్మ తోడుంది. ఆ సాయంత్రం దాకా నేను దేవుడికి ఏమేం మొక్కానో ఇప్పుడు గుర్తు లేదు. అక్కడ ఏం జరిగిందో అమ్మ చెప్పింది. కొత్త ఎక్స్‌రే తీసి పాతదాని పక్కన పెట్టి డాక్టరు గారు చాలాసేపు చూశారట. కీలు కదల్లేదు, ఈసారికి ఏమీ కాలేదు అన్నారట. ఆ తర్వాత కళ్లజోడు తీసి, అసలు ఈవిడ చేత పిల్లను ఎవరు ఎత్తించారని గట్టిగా అడిగారట.

నాన్న లేచి నిలబడ్డాడట.

"నేనేనండి. ముందు కట్టుకి తీసకపోయిందీ నేనే, నిన్న చేతులు సరిగ్గా కడుక్కోందీ నేనే. ఈమె తప్పేం లేదండి."

అమ్మ ఇది చెబుతూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "కట్టు సంగతి ఆయన అడగనే లేదే. ఏడాది బట్టీ అది లోపల పెట్టుకునే తిరుగుతన్నాడు మీ నాన్న," అంది. నాకు ఆ రోజు వీధి గుమ్మంలో నిలబడిన నలుగురూ గుర్తొచ్చారు. నా గొంతూ గుర్తొచ్చింది.

గుంటూరు నుంచి వచ్చిన సాయంత్రమే నాన్న బాబాయి ఇంటికెళ్లి ఆ ఏడు కల్లం నువ్వు చూసుకోమని చెప్పి వచ్చాడు. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయన లేకుండా మా కాయ కల్లం దాటలేదు. గ్రేడు చూడటం, రంగు పోయిన తాలు ఏరించడం, తొక్కించడం అన్నీ దగ్గరుండి చేయించే మనిషి. ఇప్పుడు రోజూ కల్లం కంచె దాకా వెళ్లి, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని బయటే నిలబడి కేకలేసేవాడు. "ఒరేయ్, ఆ మూల కాయ తిరగెయ్యండ్రా! ఏరా, తాలు కలిసిపోతంటే కనపడటల్లేదా?" అని. కూలీలు లోపలికి రమ్మని ఏడిపించేవాళ్లు. వెళ్లేవాడు కాదు. ఇంట్లో పచ్చడి గిన్నె కూడా ముట్టుకునేవాడు కాదు.

ఆ రోజుల్లో పక్కింటి మామ్మే పిల్లను ఎత్తి అమ్మకు అందించేది. నాన్న పొద్దున్నే చేతులు కడుక్కుని, కొబ్బరినూనె రాసి రుద్ది, మళ్లీ కడుక్కుని, వేళ్లతో తన కళ్లు నులుముకునేవాడు. అది ఆయన పరీక్ష. మండితే కళ్లు మూసుకుని అలాగే గోడకి ఆనుకుని కూర్చునేవాడు. మొదటి రెండు రోజులు కళ్లు చింతనిప్పుల్లా అయ్యాయి. మూడో రోజు తగ్గింది. అయిదో రోజు తట్టుకోగలిగేంతే ఉంది. ఆరో రోజు ఏమీ లేదన్నాడు. ఏడో రోజూ లేదన్నాడు. అయినా పిల్ల దగ్గరికి రాలేదు. ఎనిమిదో రోజు పొద్దున పీట వేసి, నీళ్లు కాచి, ఆముదం గిన్నె పెట్టుకుని అమ్మ పిలిచింది.

"రావయ్యా, ఎత్తిపెట్టు. మామ్మకి నడుం పట్టేసిందంట."

"నా చేతుల మీద నాకు నమ్మకం లేదే," అన్నాడు నాన్న గుమ్మంలోనే నిలబడి. "కళ్లకి పెట్టుకుంటే మంట లేదు. కానీ నా కళ్లు కూడా మొద్దుబారి చచ్చినయ్యేమో. కాయలో పుట్టి పెరిగిన కళ్లు."

"అయితే నావి ఉన్నయ్యిగా. ఇట్టా రా."

నాన్న వచ్చి ఆవిడ ముందు గొంతుక్కూర్చున్నాడు. అమ్మ కుడి చేత్తో ఆయన చేయి పట్టుకుంది. నేను మంచం మీద నుంచి చూస్తున్నాను. మిరప కాలంలో నాన్న చేయి అమ్మ ముఖాన్ని తాకడం నా ఇరవై నాలుగేళ్లలో నేను చూడలేదు. కొత్త మోచేయి మెల్లగా ముడుచుకుంది. డాక్టరు గారి కాగితంలో నోరు ఉంది, ముడి ఉంది. కళ్లు లేవు. చేయి అక్కడిదాకా వెళ్లింది. అమ్మ నాన్న వేళ్లను తన ఎడమ కంటి మీద ఆనించుకుంది, తర్వాత కుడి కంటి మీద. రెప్పలు మూసుకుని అలాగే కాసేపు ఉంచుకుంది. పరీక్షకి అంతసేపు అక్కర్లేదు.

నాన్న అడిగాడు.

"మండుతందా?"

అమ్మ కళ్లు తెరిచింది. నీళ్లు నిండి ఉన్నాయి. నాన్న కంగారుపడి చేయి వెనక్కి లాక్కోబోయాడు. అమ్మ వదల్లేదు.

"మంటకి కాదులే," అంది. "నీళ్లు చల్లారతన్నయ్యి. ఎత్తి నా కాళ్ల మీద పడుకోబెట్టు పిల్లని."